ఏడింట రెండు

వెంజిక్ గారూ,
మీరు ఎర్రసిరాతో సున్నా చుట్టిన అంకె నా చేతిరాతే.
తప్పు కాదు.
ఆదివారం పొద్దున ఆరింటికి పదమూడు మీటర్ల తొంభై,
మధ్యాహ్నం మూడింటికి పద్నాలుగున్నర.
మధ్యలో ఒక్క బొగ్గుపెళ్ళ కాలలేదు.
కొలిమివాళ్ళు చర్చిలో ఉన్నారు.
రెండో గుండిగ ఊరి పొయ్యిలకు అందిస్తోంది,
దీని కవాటం నేనే బిగించి
తాళంచెవి మెళ్ళో వేసుకున్నాను.

"మరి ఈ గ్యాసు ఎక్కణ్ణించి వచ్చింది?" అని పక్కన రాశారు.
రాలేదండీ.
ఉన్నదే ఒళ్ళు విరుచుకుంది.

ఇది నీళ్ళతొట్టిలో బోర్లించిన గుండిగ.
నూట నలభై టన్నుల ఇనుము.
మూత లేదు, బిరడా లేదు,
తన బరువే తనకు మూత.
ఏప్రిల్ ఎండ దక్షిణం రేకుల మీద పడితే
లోపలిది పొంగుతుంది,
చక్రాలు కిర్రుమంటాయి, గుండిగ లేస్తుంది.
లేచినా దిగినా మోసే బరువు ఒక్కటే గనక
గాజుగొట్టంలో నీళ్ళు ఎనిమిది అంగుళాలు దాటవు.
పొద్దున ఎనిమిది. మధ్యాహ్నం ఎనిమిది.
ఆ వరుస మీరు చూసి ఉండరు,
అన్నీ ఎనిమిదులే కదా, విసుగు పుట్టి ఉంటుంది.

నాకు ఈ లెక్క చెప్పింది తెయోఫిల్.
మెట్ల మీద కూర్చుని ఉల్లిపాయ కొరుకుతూ చెప్పాడు:
"లెయోకాదియా, సూర్యుడు ఏడు పాళ్ళు ఇస్తే
ఐదు కడుపులో దాచుకుంటుంది,
రెండే పనిగా బయటపడతాయి.
గొలుసులేసి కట్టేశావనుకో,
అంతే వెచ్చదనానికి ఐదు చాలు.
కానీ కదలదు. లోపల్లోపల ఒత్తిడి పెంచుకుంటుంది.
కదలనివ్వడం ఖర్చుతో కూడిన పనే మరి."
చివర్న "దాదాపుగా" అనేవాడు ఎప్పుడూ,
మనది కలగాపులగం గ్యాసు కాబట్టి.

నా జీతాన్నీ అలాగే విడగొట్టి చూశాను.
రొట్టె, బొగ్గు, గది అద్దె,
బూట్లకు కొత్త అట్ట, పిల్లాడి దగ్గుమందు.
ఐదూ లోపలికే.
మిగిలిన రెంటితో ఏం ఎత్తుతున్నానో
ఇంకా తేలలేదు.

తెయోఫిల్ సంగతి మీకు తెలుసు.
ఫిబ్రవరిలో ఒక రాత్రి మంచు బిగిసింది,
గుండిగ మీటరు దాకా కుంగింది.
మీ ఆఫీసు దానికి "దొంగతనం" అని పేరు పెట్టింది.
చలి అనే మాటకు మీ పట్టీలో గడి లేదు.
ఇరవై ఆరేళ్ళ నౌకరీ, అరగంటలో సంతకం.
పోతూ పోతూ తన థర్మామీటరు
నా మేకుకు తగిలించి పోయాడు.
కంపెనీది కాదు, సొంత డబ్బుతో కొన్నది.
పుస్తకం అంచున నా పెన్సిలు అంకెలు దానివే.
మీరు ఇంటిపద్దులనుకున్నారట.

ఇంకొక్క మాట. నిన్న రాత్రి నిద్రపట్టక లెక్కేశాను.
అంత ఇనుమును ఎత్తడానికి పట్టింది
ఆ రెండు పాళ్ళలో యాభయ్యో వంతు.
మిగతా నలభైతొమ్మిదీ ఎక్కడికి?
పైనున్న గాలిని జరపడానికి.
వూచ్ మిల్లుల మీద, ట్రాము తీగల మీద,
మీ టోపీ మీద కూర్చుని ఉన్న ఆకాశాన్ని
మూరకు పైగా పక్కకు తప్పుకోమనడానికి.
ఎవరికీ కనిపించని పనికే ఎక్కువ పడుతుందని
మా అమ్మ బట్టలుతుకుతూ అనేది.
గ్యాసు సంగతి ఆమెకు తెలియదు.

చీకటి పడగానే ఆకాశం తిరిగి వస్తుంది,
తన బాకీ గ్రోషుతో సహా వసూలు చేసుకుంటుంది.
దిగిన ఆ అరవై సెంటీమీటర్లను
ఈసారి ఎవరి జేబులో వెతుకుతారు?

రేపు పొద్దున ఆరింటికి రండి, కోటు వేసుకుని.
పదమూడు తొంభై ఉంటుంది,
రాత్రి మబ్బు లేకపోతే ఒక వేలు తక్కువ.
వచ్చేటప్పుడు
ఆ ఫిబ్రవరి పేజీ కూడా తెచ్చుకోండి.